చప్పుడు కొలిచిన రోజు

"సరిగ్గా మా మామయ్యగారి కిటికీ కిందే పెట్టాలా?" అంది టైలరు భార్య.

సర్వే మనిషి మూడుకాళ్ళ స్టాండు బిగిస్తూ తలెత్తలేదు. కొండవైపు ఉన్న గోడ ఇదొక్కటే, ఇక్కడే పెట్టాలన్నాడు. స్టాండు మీద స్పాంజి తొడిగిన మైకు, దాని కింద తాళం వేసిన పెట్టె. పొద్దున్న ఎనిమిది నుంచి సాయంత్రం ఆరు దాకా అది ఈ పెరటి చప్పుడు కొలుస్తుందట.

కొండ మీద పదకొండు గాలిమరలు రాబోతున్నాయి. అందులో నాలుగోది ఈ ఇంటికి మూడు వందల మీటర్ల దూరంలో. ఇల్లు కట్టి చూడమన్నారు గానీ, కట్టిన ఇంటి నెత్తిన గాలిమర పెట్టి చూడమని పెద్దలెవరూ అనలేదు. పక్క ఊళ్ళో అలాంటి మర కింద రెండిళ్ళవాళ్ళు కంటి మీద కునుకు లేక, అమ్ముదామంటే కొనేవాడు లేక, తలుపులకి తాళాలేసి పోయారు. ఆ తాళాలు టైలరు స్వయంగా వెళ్ళి చూసొచ్చాడు. అప్పటినుంచీ అతనికి అన్నం సహించడం లేదు.

"రూలు మీకు అనుకూలంగానే ఉంది," అన్నాడు సర్వే మనిషి పెట్టె స్విచ్చి నొక్కుతూ. "మర తిరిగితే వచ్చే చప్పుడు, ఇవాళ ఇక్కడున్న చప్పుడు కంటే ఐదు పాయింట్లు మించకూడదు. మించేట్టుంటే ఆ మర అక్కడ పెట్టడానికి వీల్లేదు."

"అంటే మా ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉంటే మాకంత మంచిదన్నమాట," అన్నాడు టైలరు.

"అంతే కదా," అనేసి సర్వే మనిషి బండెక్కాడు. అతనికింకా నాలుగిళ్ళు తిరగాల్సి ఉంది.

ఆ 'అంతే కదా'ని మొగుడూ పెళ్ళాం వేదవాక్కులా పట్టుకున్నారు. టైలరు కుట్టుమిషను మీద గుడ్డ కప్పి, షాపు తలుపు మూసి, ఈరోజు సెలవని అట్టముక్క తగిలించాడు. ఆమె కోళ్ళని తోడికోడలింటికి చేర్చింది, నీళ్ళ మోటారు ఆపేసింది, కుక్కరు మానేసి గిన్నెలో అన్నం వండింది. గోడలకి చెవులుంటాయని వినడమే గానీ, వాటికి జడిసి ఇల్లంతా మునివేళ్ళ మీద నడవడం వాళ్ళకి అదే మొదలు.

ఇక మిగిలింది పెద్దాయన దగ్గు. గుండెజబ్బు మనిషి, మంచం దిగలేడు. చేతుల వణుకు వల్ల మాత్ర కూడా ఎవరో ఒకరు నాలుక కింద పెట్టాల్సిందే. కోడలు ఆయన చెవి దగ్గర వంగింది.

"మామయ్యగారూ, ఈ ఒక్కరోజు దగ్గొస్తే తువ్వాలు అడ్డం పెట్టుకోండి. అసలు మాట్లాడకండి. మనకి ఇల్లు దక్కాలంటే ఇదొక్కటే దారి."

పెద్దాయన నవ్వాడు. "నలభై ఏళ్ళు మీ అత్తయ్య వల్ల కాని పని, నువ్వు ఒక్కరోజులో చేయిస్తున్నావమ్మా," అని గుసగుసగా అని తువ్వాలు అందుకున్నాడు.

టైలరు తండ్రి గది గుమ్మంలో కుర్చీ వేసుకుని, చొక్కాలకి చేత్తో గుండీలు కుడుతూ కాపలా కూర్చున్నాడు. ఆమె వంటిల్లు కదల్లేదు. పన్నెండున్నరకి గంజి తీసుకెళ్ళబోతే, టైలరు ఎదురొచ్చి, నిద్రపోతున్నాడని సైగ చేసి వెనక్కి పంపాడు. మూడింటికీ అదే సైగ.

ఆరు కాగానే ఆమె పరుగున వెళ్ళి కిటికీ తెర తీసింది. అయిపోయింది మామయ్యగారూ, ఇక ఎంతసేపు దగ్గుకున్నా అడిగేవాళ్ళు లేరంటూ ఇటు తిరిగింది. తువ్వాలు ఆయన పళ్ళ మధ్య గట్టిగా బిగించి ఉంది. ఒళ్ళు చల్లబడిపోయింది.

డాక్టరు వచ్చి చూసి, ప్రాణం పోయి ఐదారు గంటలు దాటిందన్నాడు. నొప్పి రాగానే మాత్ర పడి ఉంటే దక్కేవాడేమోనని కూడా అన్నాడు. టైలరు గోడకి తల బాదుకుని ఏడ్చాడు. గుమ్మంలోనే ఉన్నాను, చిన్న మూలుగైనా వినపడలేదని పలకరించడానికి వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పుకున్నాడు. భార్యతో మాత్రం ఒకే ఒక్కసారి అన్నాడు, "నువ్వు మాట్లాడొద్దన్నావు, ఆయన మాట్లాడలేదు."

ఆ మాట ఆమె గుండెల్లో ముల్లులా దిగింది. నిజమే కదా, తన చేతులతోనే ఆ ముసలాయన నోరు కట్టేసింది. పాపం, ఆ రోజు నుంచి ఆమె తనను తాను తిట్టుకోని పూట లేదు.

పదిహేను రోజులకి సర్వే మనిషి కాగితాలతో వచ్చాడు. ఆ ఇంట్లో జరిగిన చావు సంగతి అతనికి తెలీదు. టైలరు మిషను ఆపి, లేచి స్టూలు వేశాడు.

"మంచి కబురు," అన్నాడు సర్వే మనిషి. "మీకు ఇరవై రెండు పాయింట్లే వచ్చింది. నాలుగో మర ప్లానులోంచి తీసేశారు. ఇక్కడ సంతకం పెట్టండి."

టైలరు సంతకం పెట్టాడు. ఇల్లు దక్కింది. ఆమెకి మాత్రం సంతోషం రాలేదు. ఆ ఇరవై రెండు దేనివల్ల వచ్చిందో ఆమెకి తెలుసు.

"ఆ రోజు మా ఇంట్లో ఎవరైనా గట్టిగా ఒక్క మాట మాట్లాడి ఉంటే, ఈ లెక్క పాడయ్యేదేనా బాబూ?" అని అడిగింది. అవునంటాడని, అలా అంటే తన పాపం కాస్తయినా తేలికవుతుందని ఆమె ఆశ.

"ఎందుకు పాడవుతుందమ్మా, ఆ పెట్టెలో చప్పుడంతా రికార్డవుతుంది, మనుషుల గొంతులుంటే విని మేమే తీసేస్తాం," అన్నాడు సర్వే మనిషి కాగితాలు సర్దుకుంటూ. "మీ ఇంట్లో అసలు తీసెయ్యడానికి ఏముందని, పదకొండుంపావుకి పెద్దాయన 'అబ్బాయ్, మాత్ర' అని రెండుసార్లు పిలిచారు, వెంటనే సారు 'ష్, ఆరింటిదాకా ఓర్చుకో నాన్నా' అన్నారు, అంతే."