ఏడు నెలలు పెద్దది

వెయ్యికి తొమ్మిది వందల అరవై ఒకటి. ఇద్దరికీ అంతే.

బడి గుమాస్తా మార్కులు మూడోసారి కూడింది. తేడా రాలేదు. లెక్కల్లో చూసింది, సమానం. సైన్సులో చూసింది, సమానం. హాజరు కూడా తిరగేసింది. ఇద్దరూ జ్వరం వచ్చినా బడి మానని రకమే.

సాయంత్రం అయిదింటికల్లా ర్యాంకుల పట్టిక కాలేజీకి చేరాలి. ఆ కాలేజీ ఒక్కో బడి నుంచి మొదటి ర్యాంకు వచ్చిన ఒక్కరినే తీసుకుంటుంది. చదువు, తిండి, పడక అన్నీ వాళ్ళే చూసుకుంటారు. రెండో ర్యాంకు దరఖాస్తయితే కవరు కూడా చింపరు.

అన్నీ సమానమైతే ఏం చెయ్యాలో రూలు పుస్తకం ఆఖరి పేజీలో ఉంది. వయసులో చిన్నవాళ్ళదే మొదటి ర్యాంకు.

"అమ్మగారూ, లోపలికి రావచ్చా?"

గుమ్మంలో ఇస్త్రీ ఆవిడ. ఆ ఇద్దరిలో అమ్మాయి తల్లి. క్లాసు టీచరు కబురు చేస్తే పరుగున వచ్చినట్టుంది, ఇంకా రొప్పుతోంది. ముంజేతుల మీద పాత కాలిన మచ్చలు. గుండెకి హత్తుకుని ఒక ప్లాస్టిక్ కవరు.

"మా పిల్లా, ఇంకో సెక్షన్ అబ్బాయీ సమానమట కదమ్మా. వయసు చూస్తారట కదా?"

"చూశాను. మీ అమ్మాయి ఏడు నెలలు పెద్దది."

"లేదమ్మగారూ! అది మీ పుస్తకంలో ఉన్నదానికంటే ఏడాది చిన్నది."

గుమాస్తా కళ్ళజోడు పైకి తోసుకుంది. "పిల్లలేమన్నా బట్టలా, ఉతికితే కుంచించుకుపోవడానికి?"

ఇస్త్రీ ఆవిడ నవ్వలేదు. కవర్లోంచి మడతల దగ్గర చిరిగిన చీటీ తీసి బల్ల మీద పరిచింది. ప్రసూతి ఆసుపత్రి చీటీ.

"నాకు చదవడం రాదు. మూడో వరసలో ఉందని అప్పట్లో నర్సమ్మ చెప్పింది."

మూడో వరసలోనే ఉంది. గుమాస్తా రిజిస్టరు తీసి, వరస కింద స్కేలు పెట్టి చూసింది. రోజు అదే. నెల అదే. సంవత్సరం ఒక్కటే తేడా. మనసులో లెక్క కట్టింది. చీటీ ప్రకారమైతే అమ్మాయే అయిదు నెలలు చిన్నది. మొదటి ర్యాంకు అమ్మాయిది.

"బళ్ళో వేసినప్పుడు ఇది ఏమైంది?"

"చూపిస్తే చేర్చుకునేవారా? అయిదేళ్ళు నిండాలన్నారు. దానికి ఇంకా నాలుగు నెలలు తక్కువ. అప్పటికి మా ఆయన పోయి నెల కాలేదు. పిల్లని ఇస్త్రీ బల్ల కింద కూర్చోబెట్టి పని చేసేదాన్ని. ఓ రోజు నిప్పురవ్వ పడి దాని గౌను అంటుకుంది. చేతుల్తో ఆర్పాను. మర్నాడే ఇక్కడికి తీసుకొచ్చాను. ఈ కుర్చీలో మీరే ఉన్నారు. చెయ్యి తలమీంచి తిప్పి అవతలి చెవి పట్టుకోమన్నారు."

"అందలేదు కదూ?" అనేసింది గుమాస్తా.

"అందలేదు. వెనకనుంచి నేను మోచెయ్యి నెట్టాను. మీరు చూశారు. నవ్వి, నేను చెప్పిందే రాసుకున్నారు. ఆ మేలు ఇప్పటికీ మర్చిపోలేదమ్మా."

"అదే చెబుతున్నా. నువ్వు చెప్పిందే రాశాను. ఇప్పుడు కొట్టేసి ఇంకోటి రాయమంటే ఎలా? ఇవాళ నీకు రాస్తే, రేపు ఊరంతా చీటీలు పట్టుకుని నా మీద పడుతుంది."

"ఇది దొంగ చీటీ కాదమ్మగారూ."

"చీటీ నిజమే. అబద్ధమాడింది నువ్వు."

ఇస్త్రీ ఆవిడ బల్ల అంచు పట్టుకుంది.

"అబద్ధమాడింది నేనైతే దెబ్బ దానికెందుకమ్మా? పొద్దున్నే నాలుగిళ్ళ బట్టలు ఇచ్చొచ్చి బడికొచ్చేది. బల్ల మీద ఒక చివర నేను ఇస్త్రీ చేస్తుంటే రెండో చివర అది రాసుకునేది."

"తెలివైన పిల్ల. ఇక్కడ కాకపోతే ఇంకోచోట చదువుతుంది."

"ఇంకోచోటంటే నా ఇస్త్రీ బల్లే కదమ్మగారూ."

గుమాస్తా రిజిస్టరు మూసింది.

"పోనీ హెడ్మాస్టరు గారి కాళ్ళ మీద పడనా?"

"పడు. ఆయన నేను వేలు పెట్టి చూపించిన చోట సంతకం చేస్తారు. అంతవరకే ఆయన పని."

ఇక అడగడానికేమీ మిగల్లేదు. ఆవిడ చీటీని పాత మడతల మీదే మడిచింది. గుమ్మం దాకా వెళ్ళి ఆగింది.

"ఆ అబ్బాయి ఎవరి పిల్లాడమ్మగారూ?"

"ఎవరి పిల్లాడైతే నీకేం? వాడి మార్కులు వాడివి."

"తిట్టడానికి కాదమ్మా. వాళ్ళమ్మ నాలాంటిది కాదు. ఉన్న వయసు ఉన్నట్టు రాయించింది. ఇవాళ బిడ్డకి కలిసొచ్చింది. ఎప్పుడైనా కనిపిస్తే చెప్పండి, నాకేం కోపం లేదని. నా నోరే నా పిల్లని ముంచింది."

గుమాస్తా పెన్ను మూత తీసింది, పెట్టింది, మళ్ళీ తీసింది.

అడుగుల చప్పుడు మెట్లు దిగిపోయాక ఆమె ఒకటో ర్యాంకు గడిలో తన కొడుకు పేరు రాసి, దాని పక్కన, వాణ్ణి బళ్ళో వేసిననాడు ముందుముందు ఉద్యోగానికి పనికొస్తుందని వయసు ఏడాదిన్నర తగ్గించి తానే రాసిన పుట్టిన తేదీని ఒక్క అంకె కూడా పొల్లుపోకుండా దించింది.