తొక్కే చెక్కలు

నేను కట్టించిన కొయ్య మంటపంలోకి మూడు రోజులుగా ఒక్కరూ అడుగు పెట్టలేదు. ఎమ్మిగనూరు నేతగాళ్ల వీధి జనం కాసేపు నిమ్మళంగా కూర్చోవాలని, మూలబడిన మగ్గాల టేకుతోనే నేల పరిపించాను. సాయంత్రం దాకా ఎవరూ రాకపోతే గోదాము చేసుకుంటామన్నారు వీధి పెద్దలు.

నాకు కాలు నిలవడం లేదు. చెప్పులు విడిచి, గడపకు దండం పెట్టి వెళ్లిపోతున్న సుభద్రమ్మకు అడ్డం పోయాను. నలభై ఏళ్లు నేసి, నిరుడు మగ్గం అమ్మేసిన మనిషి.

"లోపలికి రా అవ్వా, కూర్చో."

"మగ్గం కొయ్య తొక్కుతారా పాపా? ఆదోనిలో ఇదేనా సదివింది?"

"మరి నేసేటప్పుడు కాళ్లతో తొక్కే చెక్కలుంటాయి గదా?"

"అవి తొక్కేటివే. యాడ పెట్టినావు?"

పాదాల రాపిడికి గుంటలు పడ్డాయని వాటిని పెరట్లో పడేశాను. పరుగున తెచ్చి, గడప నుంచి బల్ల దాకా పరిచాను.

సుభద్రమ్మ ఒక్కొక్కటే తొక్కుతూ వచ్చి బల్ల మీద కూర్చుంది. నేనూ పక్కన కూలబడ్డాను.

"ఇప్పుడు నిమ్మళంగా ఉందా అవ్వా?"

కింద ఆమె కాళ్లు నేస్తున్నాయి. ఎడమ, కుడి, ఎడమ.