లేని పటాలం

కెప్టెన్ కురెబయాషి చచ్చిపోయి, డేరాలో కూర్చుని అన్నం ముద్ద తింటున్నాడు.

"ఎవరు కొట్టారు?" అంది భార్య చిజురు, ఊడిపోయిన నక్కబొమ్మ బిళ్లని చొక్కా భుజానికి తిరిగి కుడుతూ.

"తెలీదు. పొదల్లోంచి వచ్చింది గుండు. వీపుకి తగిలింది."

"ఎవరూ చూడలేదుగా. ఊరుకోవాల్సింది."

"ఎవరూ చూడరనే కదా, తగిలినవాడే చెయ్యెత్తి తగిలిందని చెప్పాలి. ఈ ఆటకి ఉన్న పరువల్లా అదే."

ఆదివారాలు చిబా కొండల్లో ప్లాస్టిక్ గుళ్ల తుపాకులతో యుద్ధాలాడే జట్లు చాలా ఉన్నాయి. అందరూ చరిత్రలోని ఏదో ఒక పటాలం దుస్తులు వేసుకుంటారు. కురెబయాషికి అది నచ్చలేదు. ఒకరు వాడిన చరిత్ర తనకెందుకని సొంతంగా ఒకటి కల్పించుకున్నాడు. రెండో ప్రపంచ యుద్ధం చివరి చలికాలంలో ఉత్తరాది కొండల్లో తప్పిపోయి, యుద్ధం ముగిసిందని కూడా తెలియక రెండేళ్లు అక్కడే ఉండిపోయిన మంచునక్క పటాలం. రాత్రిళ్లు తన లాండ్రీ షాపు మూసేశాక బీరు తాగుతూ ఆ కథంతా రాసి జట్టు వెబ్‌సైటులో పెట్టాడు.

చరిత్ర పిచ్చివాళ్లు ఊరుకుంటారా? ఏ పుస్తకంలోనూ కనబడదేమని పీక్కుతిన్నారు. దానికీ ఓ మందు కనిపెట్టాడు. అలాంటి పటాలం ఒకటుందని ప్రాణం పోయినా ఒప్పుకోకూడదని అందులో ప్రతివాడూ ఒట్టు వేశాడని రాసి పడేశాడు. దాంతో అందరి నోళ్లూ మూతపడ్డాయి. జన్మలో అంత తెలివైన వాక్యం మరొకటి రాయలేదని అతను మురిసిపోతుంటాడు.

"కెప్టెన్ గారంటే మీరేనా?"

డేరా గుమ్మంలో ఓ ముసలాయన నిలబడి ఉన్నాడు. ఎనభై దాటి ఉంటాయి. ఆ బురదలోకి నల్ల సూటు, టై వేసుకుని వచ్చాడు. చేతిలో గుడ్డలో మూటకట్టిన మిఠాయి పెట్టె. చిజురు కుడుతున్న నక్కబొమ్మని చూసి నడుము వంచి దండం పెట్టాడు.

"నా పేరు ఒగినుమా అండి. యమగాత నుంచి వచ్చాను. మా మనవరాలు మీ వెబ్‌సైటు చూపించింది. మా నాన్న మీరు రాసిన పటాలంలోనే ఉండేవారు."

కురెబయాషికి ముద్ద గొంతులో అడ్డుపడింది. చిజురు టీ గ్లాసు అందించింది.

"యుద్ధం అయిపోయిన రెండేళ్లకి గానీ నాన్న ఇల్లు చేరలేదండి," ముసలాయన చెప్పుకుపోయాడు. "కాలివేళ్లు మంచుకి పోయాయి. సైన్యం నుంచి పారిపోయి ఎక్కడో దాక్కున్నాడన్నారు ఊళ్లోవాళ్లు. ఊరి దేవుడి పల్లకీ మొయ్యనివ్వలేదు. బళ్లో నన్ను పిరికోడి కొడుకా అని పిలిచేవాళ్లు. నాకింత వయసొచ్చినా మా వీధి ముసలివాళ్లకి నేను ఇంకా అదే."

"ఒగినుమా గారూ, అసలు..."

"మీరు రాసింది చదివాక ఆ రాత్రంతా ఏడ్చానండి. కొండలు, మంచు, రెండేళ్లు, అన్నీ సరిపోయాయి. వచ్చేవారం నాన్న సమాధి మీద పటాలం పేరు చెక్కిస్తున్నాను. ఊరందరినీ పిలిచాను. మీరొచ్చి ఒక్క సెల్యూట్ కొట్టి వెళ్తే చాలండి. ఇంకేం అడగను."

కురెబయాషి చేతిలోని ముద్ద పక్కన పెట్టాడు. వెళ్లి సెల్యూట్ కొట్టి వస్తే పోయేదేముంది? ముసలాయన సంతోషంగా పోతాడు. కానీ ఊరందరి ముందూ చెక్కించాక, ఏ ప్రొఫెసరో అది లాండ్రీవాడి కట్టుకథని తేలిస్తే? పిరికోడి కొడుకు కాస్తా అబద్ధాలకోరు కూడా అవుతాడు. సిగ్గుతో కురెబయాషి చెవులు కాలిపోయాయి.

చిజురు దారం పళ్లతో తెంపి, భర్తకేసి చూసింది.

"తగిలింది కదా," అంది మెల్లగా. "చెయ్యెత్తండి."

కురెబయాషి లేచి ముసలాయన ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"నన్ను క్షమించండి. అలాంటి పటాలం లేదు. ఎప్పుడూ లేదు."

ముసలాయన కన్నార్పకుండా వింటున్నాడు.

"అంతా నేను కల్పించిందే. నక్క మా షాపు ఎదురుగా ఉన్న గుడి మెట్ల మీది రాతిబొమ్మ. సైనికుల పేర్లు మా షాపులో బట్టలు వేసే వాళ్లవి. నేను ఏ కొండా ఎక్కలేదు, ఏ మంచులోనూ నడవలేదు."

"ఒక్కరు కూడా లేరా?"

"ఒక్కరూ లేరు. పటాలం లేదు, గిటాలం లేదు. ఎవరడిగినా ఇదే చెప్తాను. నా ప్రాణం మీద ఒట్టు."

చెప్పేశాక గుండె తేలికపడింది. తిడితే పడదామని తల వంచుకున్నాడు. ముసలాయన తిట్టలేదు. మిఠాయి పెట్టెని రెండు చేతులా అతని ముందు పెట్టాడు. తల ఎత్తి చూస్తే ఆయన కళ్లనిండా నీళ్లు, ముఖంలో మాత్రం ఎక్కడలేని వెలుగు.

"నా మీద కోపం లేదా?" అన్నాడు కురెబయాషి.

"కోపమెందుకండీ?"

ముసలాయన మడమలు దగ్గరికి చేర్చి సెల్యూట్ కొట్టాడు.

"మా నాన్న కూడా పోయేదాకా ఇదే మాట మీదున్నారు."