నిండు భీము

"భీమొచ్చింది, జరుగుండ్రి!" అని శ్యాంసుందర్ బెల్లం దుకాణం ముందు ఎలుగెత్తి చాటాడు.

ఈ భీముకు మహాభారతంతో ఏ సంబంధమూ లేదు. సాంచ అనబడే మరమగ్గానికి ఎక్కించే, నూలు చుట్టిన లావుపాటి ఇనుప కడ్డీ అది. ఇద్దరు పట్టనిదే లేవదు. సిరిసిల్లలో సాంచల ఆసామి అయిన శ్యాంసుందర్ తన పదిహేనేళ్ల కూతురు వనితకు ప్రసాదించిన బిరుదు కూడా అదే.

ఆయన గొప్ప హాస్యప్రియుడని ఊరంతటికీ తెలుసు. చెప్పింది ఆయనే.

బిరుదాంకిత వనిత మాత్రం కొంతకాలంగా రాత్రి అన్నం మానేసింది. తల్లి పద్మజ కంచం పట్టుకుని బతిమాలేది. "మంచిదే గదా, తగ్గుతది" అని ఆసామి తీర్పు చెప్పేవాడు.

ఈరోజు సమ్మక్క మొక్కు; ముగ్గురూ కలిసి వచ్చారు. మనిషి బరువుకు సమంగా బెల్లం తూచి, దాన్ని బంగారమని పిలిచి, అమ్మవారికి సమర్పించాలి. కాంటాలో ఒక పళ్లెం మనిషికి, ఒకటి బెల్లానికి.

"సేటూ, నీ దగ్గరున్నది సాలదు. కోరుట్లకు ఫోన్ కొట్టి లారీ తెప్పియ్యి" అని శ్యాంసుందర్ దుకాణదారుడికి సలహా ఇచ్చాడు.

వరుసలోని జనం నవ్వారు. వనిత స్తంభం చాటుకు తప్పుకుంది.

"నేనెక్క. మొక్కింది నువ్వు, నువ్వే కూసో."

"గింతమందిల నా పరువు తీస్తవా బిడ్డా?"

"ఎవలు ఎవలిది తీసిండ్రు?"

అప్పుడు వరుసలోంచి ఒక స్థూలకాయురాలు, పట్టాభిషేకానికి వేళ మించిపోతున్న మహారాణిలా ముందుకు వచ్చింది.

"మీరు తేల్చుకునేసరికి నా బస్సు పోతది. సేటూ, నన్ను తూయి."

"కాంటా పైలం" అని గొణిగాడు శ్యాంసుందర్.

"ఇరుగుతె కొత్తది కొంటడు తియ్యి తమ్మీ." ఆమె పళ్లెంలో ఆసీనురాలై కాళ్లు ఊపింది. "ఇంకో గడ్డ పెట్టు సేటూ! జాతరజాతరకు నా బంగారం పెరగాలె గని తరుగుతదా?"

వనిత పెదవి కొస కదిలింది.

దిగుతూ ఆమె అడిగింది: "మీ మొక్కేంది తమ్మీ?"

"పుట్టినప్పుడు దూదిపింజ లెక్కుండె అక్కా. బరువెక్కి బతికితే ఎత్తు బంగారమిస్తనన్న."

"ఎక్కిందా?"

"ఎక్కింది."

"మరెందుకు ఏడుస్తున్నవ్?"

ఆసామి హాస్యం మాని తల గోక్కున్నాడు. ఆయన చరిత్రలో ఇదే ప్రథమం.

"భీమంటున్నవ్ గదా. భీము బక్కగైతే నీ సాంచ ఏం నేస్తది?"

ఈసారి అందరికన్నా పెద్దగా నవ్వింది వనితే. నవ్వుతూనే వెళ్లి పళ్లెంలో కూర్చుంది. ముల్లు సమం కాగానే శ్యాంసుందర్ ముందుకు ఉరికాడు.

"ఏయ్ సేటూ, తక్కువ తూస్తవా? నా బిడ్డ బంగారం ఇసుమంత తరుగొద్దు. ఇంకో గడ్డ పెట్టు!"

తర్వాత గొంతు తగ్గించాడు.

"తప్పయింది బిడ్డా. ఇయ్యాల రాత్రి తింటవా?"

"కోడికూరైతే తింట."

ఆ సంబరంలో ఆ స్థూలకాయురాలు బస్సెక్కి వెళ్లిపోయిన సంగతి ఎవరూ గమనించలేదు.

"గామెదేం మొక్కు సేటూ?" అని అడిగింది పద్మజ.

"ఆమెదా? ఎన్నడో జగిత్యాల దవఖానల పక్క మంచమామెకు పాలు పడలేదట. గా పసిగుడ్డుకు ఈమెనే పాలిచ్చి, పిల్ల బతకాలని మొక్కింది. బతికిందో లేదో తెల్వదు గని, జాతరజాతరకు ఇచ్చుకుంటనే ఉన్నది."

పద్మజ చేతిలోని సంచి జారిపోయింది.

తొలి కాన్పుకు జగిత్యాలలోని పుట్టింటికి పోయి, జ్వరంతో కళ్లు తెరవలేని ఆ రోజుల్లో, తన బిడ్డను రొమ్ముకు హత్తుకున్న మనిషి పేరైనా అడగలేదని ఇన్నేళ్లూ నొచ్చుకున్న పద్మజ, ఈసారీ అడగలేదు.