స్టడీ అవర్ ఆయమ్మ

తస్లీమా ఆ రోజు అరగంట ముందే బడికి వచ్చింది. వచ్చినామె గేటు దగ్గర ఆగకుండా లోపలికి తొంగి చూసింది.

స్టడీ అవర్ నడుస్తోంది. ఎనిమిది మంది యూకేజీ పిల్లలున్నారు. ఒక్కరి చేతిలోనూ పెన్సిల్ లేదు.

ఆమె కూతురు అల్ఫియా ఇసుకలో వేలితో ఏదో గీసి పక్కపిల్లతో చదివిస్తోంది. నయీం చింతగింజలు పేర్చుకుంటున్నాడు. మిగతావాళ్లు ఆయమ్మ నాగేంద్రమ్మ చుట్టూ కూర్చుని నోళ్లు తెరుచుకుని కథ వింటున్నారు.

తస్లీమాకు ఒళ్లు మండింది. రాయించాల్సిన పూట కథలేంది?

కూతురి బ్యాగులోంచి పుస్తకం లాగి చూసింది. రోజూలాగే రెండు పేజీలు నిండి ఉన్నాయి. తెలుగు ఒకటి, ఇంగ్లీషు ఒకటి. ఐదేళ్ల పిల్ల రాతే అయినా ఒక్క అక్షరం కూడా గీత దాటలేదు.

కోపం సగం దిగింది. ఆశ మాత్రం రెండింతలైంది. గంటలో రెండు పేజీలు రాసి ఆటలాడుకునే పిల్లకు నాలుగు పేజీలొక లెక్కా?

ప్రొద్దుటూరులో ఏ ఇద్దరు తల్లులు కలిసినా, మీ పాప ఎన్ని పేజీలు రాస్తోందన్న మాటే. బడి మంచిదో చెడ్డదో తేలేది అక్కడే.

అల్ఫియా వాళ్ల నాన్న అమ్జద్ కువైట్‌లో డ్రైవరు. తస్లీమా రోజూ సాయంత్రం ఆ పేజీలు ఫోటో తీసి పంపేది. అవి చూశాకే అతనికి అన్నం సహించేది.

పిల్ల బంగారు అంగళ్ల బోర్డులూ, బట్టల షాపుల బోర్డులూ గడగడ చదువుతూ ఇంటికొచ్చేది. ఆ చదువు ఫోటోలో పడదు కదా, దాన్నెవరూ పట్టించుకోలేదు.

మరునాడే తస్లీమా ఇంకో నలుగురు తల్లులను వెంటబెట్టుకుని కరస్పాండెంట్ శరత్ చంద్ర దగ్గరికి పోయింది. ఊడ్చే మనిషి కూర్చుంటేనే పిల్లలు ఇంత రాస్తున్నారు, సారును పెడితే ఎంత రాస్తారో చూడండి అంది.

ఆయనకూ ఆ మాట నచ్చింది. ఆ బడిలో పగలంతా చదివింపులూ పాటలే, రాత మొత్తం స్టడీ అవర్‌కే వదిలేశారు. ఇప్పుడు దాన్ని జాకీర్ సారుకు అప్పగించి, ఊడ్చేదానికి ఇంకో మనిషి ఉందిలే అని నాగేంద్రమ్మను రేపట్నుంచి రావద్దన్నారు.

పోతూ పోతూ ఆమె గేటు దగ్గర తస్లీమాను ఆపింది.

“నాలుగు పేజీలంట గదమ్మా. పాప వేళ్లు ఇంకా శానా మెత్తగుండాయి. ఇంగో రెండేండ్లు ఆ చేతిని ఇడిసిపెట్టు. కండ్లతో బాగా నేర్సుకుంటాంది. రాసేది దానంతట అదే వచ్చాది.”

“నువ్వేం సదివినావని నాకు చెప్తాండావు?” అంది తస్లీమా.

నాగేంద్రమ్మ రాజుపాలెం ఆటో ఎక్కి వెళ్లిపోయింది.

జాకీర్ సారు వచ్చిన మొదటి రోజు అల్ఫియా రాసింది నాలుగు పేజీలు కాదు, నాలుగంటే నాలుగు అక్షరాలు. అవి కూడా గీత మీద నిలబడలేదు.

మొండితనం అన్నారు అందరూ. సారు స్కేలుతో వేళ్ల మీద కొట్టాడు. ఇంట్లో తస్లీమా ఇంకో రెండు తగిలించింది. ముత్యాల్లాంటి అక్షరాలు రాసేదానివి, ఏమైందమ్మా అని అమ్జద్ ఫోన్లో బతిమాలాడు. అల్ఫియా పెదాలు బిగించుకుంది గానీ నోరు విప్పలేదు.

మిగతా ఏడుగురి ఇళ్లలోనూ ఇదే గొడవ.

దసరా దాటేసరికి పిల్ల వేలు మీద కాయ కాసింది. పెన్సిల్ కనబడితే మంచం కిందికి దూరేది. పొద్దున యూనిఫాం తొడుగుతుంటే తాగిన పాలు కక్కేది. అంగళ్ల బోర్డు చూపించి చదవమంటే తల్లి బురఖాలో మొహం దాచుకునేది.

డిసెంబరులో శరత్ చంద్ర తస్లీమాను పిలిపించాడు. పాపకు చదువు అబ్బేట్టు లేదు, ఇంకో ఏడాది యూకేజీలోనే ఉంచుదామన్నాడు.

తస్లీమాకు పిల్ల నవ్వుతూ చదివింది ఎవరి దగ్గరో అప్పుడు గుర్తొచ్చింది. పాపను చంకనేసుకుని రాజుపాలెం ఆటో ఎక్కింది. కాళ్లు పట్టుకునైనా సరే, రోజుకొక గంట నాగేంద్రమ్మ దగ్గర వదలాలనుకుంది.

ఇల్లు కనుక్కుని పోతే నాగేంద్రమ్మ కోడలు ఒక్కతే ఉంది.

“అత్త పోయి నెల దాటిందక్కా. జొరమొచ్చి నాలుగు దినాలు గూడా లేదు.”

తస్లీమా పాపను గడప మీద దించింది. అవ్వ యాడికి పోయిందని అల్ఫియా అడిగింది. చాలా రోజుల తర్వాత పిల్ల తనంతట తాను అడిగిన మాట అది.

కోడలు పిల్ల మెడలోని బడి కార్డును తేరిపార చూసింది.

“ఈ పాప అల్ఫియా గదా? గుండ్రాలు పెద్దగుండే రాత ఈ పాపదే. నయీందేమో పక్కకు వాలిపోతాది.”

“నీకెట్ల తెలుసు?”

“అత్త అంగన్‌వాడీలో ముప్పై ఏండ్లు టీచరక్కా. రిటైరైనాంక పిల్లోళ్లను ఇడిసి ఉండలేక మీ బడిలో ఊడ్సే పనికి చేరింది. ఆదివారం పూట పాత క్యాలెండర్ల ఎనక రాసి రాసి సూసుకునేది. అందరిదీ ఒకే మాదిరుంటే అమ్మలు కనుక్కుంటారని ఒక్కో పిల్లకు ఒక్కో రాత నేర్సుకునింది. బడికేమో పేజీలు కావాల, పిల్లోళ్లకేమో ఆట కావాల అనేది. అందుకే ఆ ఎనిమిది మంది పేజీలూ దినామూ అత్తే రాసేది.”