పదమూడు భయాల బేరం

ఆ సంత రోజు పొద్దున నా దగ్గర ఉన్నవి పదకొండు భయాలు. మణికట్టుకున్న పట్టీ లెక్కపెట్టి చెప్పింది. పది దాటితే ఎవరి బండీ కదలదు, చట్టం అలాంటిది. నేను వెళ్లకపోతే మాట్లాడి పెట్టుకున్న రెండు గేదెలూ వేరొకరి పాలవుతాయి.

అది తలచుకోగానే పట్టీ మోగింది. పన్నెండు.

"సుభాషిణీ, పన్నెండైంది!" అని మా ఆవిడను కేకేశాను. ఆ కంగారుకు పదమూడైంది.

"దాన్నెందుకండీ అలా చూస్తారు? చెయ్యి ఇటివ్వండి," అంటూ ఆమె మా ఇద్దరి చేతుల మీదా నా తువ్వాలు కప్పింది. సంతలో మా బేరాలు ఇలాగే సాగుతాయి. గుడ్డ కింద వేళ్లు పట్టుకుని ధర చెబుతాం.

"గేదె తన్నుతుందన్న భయం ఎంత?"

"నిరుడు తన్నిందిగా. ఐదు వేళ్లు."

"తన్నింది మా తమ్ముణ్ణి. మీకేమైంది? ఒక్క వేలు."

నవ్వొచ్చింది. రెండుకు తెగింది. పట్టీ ఆ భయాన్ని కొట్టేసింది.

"వంతెన కూలుతుందని?"

"మూడు."

"అర వేలిస్తా."

"అర వేలు ఏ సంతలో ఉందే!"

నాలుగో భయం దగ్గరికి వచ్చేసరికి అదేమిటో నాకే గుర్తు రాలేదు. పట్టీ తొమ్మిది చూపింది. బండి కదిలింది.

సాయంత్రం లెక్క చూసుకున్నాను. అన్ని భయాల్లో నిజమైంది ఒక్కటే. గేదె తన్నింది, అదీ మళ్లీ మా బావమరిదినే. రెండు గేదెలూ ఇంటికొచ్చాయి. తువ్వాలు మాత్రం మా ఆవిడ తిరిగివ్వలేదు. రేపటి బేరానికి కావాలట.