చిల్లు కానీ

1959 మార్చి 13, శుక్రవారం ఉదయం ఏడు గంటలకు కవుతరంలో దేవదానం తన ఇంటి వాకిట్లో కారుకు డైనమో మార్చాడు. ఏడుంపావుకు ఫ్యాను బెల్టు ఊడిపోయింది.

మళ్లీ ఎక్కించి ఇంజను స్టార్టు చేశాడు. రెండు నిమిషాలకు మళ్లీ ఊడింది.

పదకొండు గంటలకల్లా కారు బందరులో బ్రేకు ఇన్‌స్పెక్టరు ముందు ఉండాలి. టాక్సీ పర్మిట్టుకు అదే ఆఖరు రోజు. బెల్టు లేకుండా బయలుదేరితే పెడన చేరకముందే ఇంజను కాగిపోతుంది.

లారీ డ్రైవరు పని మానేసి, భార్య రత్నకుమారి గొలుసు అమ్మి, మూడు నెలల కిందట గుడివాడ బ్రోకరు దగ్గర ఆ కారు కొన్నాడు. ఇప్పుడు ఆమె మెళ్లో ఉన్నది చిలకలపూడి గిల్టు గొలుసు.

నాలుగోసారి బెల్టు ఊడినప్పుడు దేవదానం స్పానరును నేలకేసి కొట్టాడు. టైమెంతయిందని ఇంట్లోకి కేకేశాడు. ఏడూ నలభై అంది రత్నకుమారి. అడగడం అది ఐదోసారి.

రోడ్డు మీద నడిచి వెళ్తున్న మనిషి ఒకడు ఆగాడు. యాభై దాటి ఉంటాయి. మాసిన పంచె, చేతిలో గుడ్డసంచి. కాసేపు కారు వంక చూసి, వాకిట్లోకి వచ్చి మంచినీళ్లు అడిగాడు.

రత్నకుమారి గ్లాసుతో ఇచ్చింది. గ్లాసు పెదాలకు ఆనించుకుని తాగాడు.

ఆ పేటలో అన్నీ క్రైస్తవుల ఇళ్లే. ఊళ్లోవాళ్లు పనిబడి వచ్చినా అక్కడ నీళ్లు ముట్టరు. తాగాడంటే మనవాడేననుకున్నాడు దేవదానం. పేరడగలేదు.

"పాత డైనమో విప్పినప్పుడు వెనక బోల్టుకు చిల్లు కానీ ఉండాలే. ఏం చేశావు?" అన్నాడు ఆ మనిషి.

దేవదానం తలెత్తి చూశాడు.

ఉన్నమాట నిజమే. డైనమో లాగినప్పుడు రాలిపడింది. నయాపైసలు వచ్చి రెండేళ్లు కావస్తోంది. నడిమధ్య చిల్లు ఉన్న ఆ పాత కానీని కొట్లో ఎవరూ తీసుకోవడం లేదు. ఎవరో పనికిమాలినవాడు ఇరికించి ఉంటాడని పక్కకు విసిరేశాడు.

"అది వాషరు. ఆ మందం లేకపోతే డైనమో లోపలికి జరుగుతుంది. బెల్టు వంకరగా తిరిగి ఊడొస్తుంది."

"నీకెట్టా తెలుసు?"

"ఇట్టాంటి కారు చూశాన్లే."

రత్నకుమారి అప్పటికే వాకిలి ఊడ్చేసింది. ముగ్గురూ చెత్తకుప్ప ముందు కూర్చున్నారు. ఎనిమిదింపావుకు చిల్లు కానీ రత్నకుమారికి దొరికింది.

ఆ మనిషి దాన్ని పంచె అంచుతో తుడిచి తనే బోల్టుకు తొడిగాడు. బోల్టు పైనుంచి కనపడదు. అతని చెయ్యి వెతుక్కోకుండా నేరుగా అక్కడికే వెళ్లింది.

"ఎవరి దగ్గర క్లీనరుగా చేశావు మావయ్యా?"

"ఒకే కారు. పదేళ్లు తుడిచాను."

"పదేళ్లు తుడిచీ డ్రైవరువి కాలేకపోయావే," అని దేవదానం ఆ పొద్దుటి నుంచి మొదటిసారి నవ్వాడు.

బెల్టు పది నిమిషాలు నిలిచింది. పావుగంట నిలిచింది. దేవదానం చొక్కా మార్చుకుని వచ్చేసరికి ఆ మనిషి ముందు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.

పెడన దాకా ఎక్కించుకుంటావా అని అడిగాడు.

"పెడనెంత దూరం మావయ్యా. ఎటూ నడిచేగా బయలుదేరావు."

"నడిచే బయలుదేరాను. ఊళ్లో కారు దిగితే బాగుంటుంది."

"పెళ్లికొడుకువా ఏంటి?"

దారిలో కార్లో మనిషి కనపడితే పోలీసులు పర్మిట్టు లేకుండా బాడుగలు తిప్పుతున్నావని రాసేస్తారని దేవదానం చెప్పాడు. రెండింటికల్లా తిరిగొచ్చి తనే పెడనలో దింపుతానన్నాడు.

"మాట ఇస్తున్నా. ఉండు."

ఆ మనిషి ముందు తలుపు కొంచెం పైకెత్తి మూశాడు. మూడు నెలలుగా దేవదానం రెండుసార్లు బాదితే గాని పడని తలుపు, ఒక్కసారికే పడింది.

బందరులో ఇన్‌స్పెక్టరు లైట్లు, హారను, బ్రేకులు చూసి పన్నెండింటికి సంతకం పెట్టాడు. పేరు మార్చడానికి బ్రోకరు ఆ ఆఫీసులో ఇచ్చి ఉంచిన కారు రిజిస్ట్రేషను పుస్తకం, సి-బుక్కు కూడా ఆ రోజే దేవదానం చేతికి వచ్చింది. బుక్కంతా ఇంగ్లీషు. జేబులో పెట్టుకున్నాడు.

గేటు దగ్గర ఇద్దరు చిలకలపూడికి బాడుగ అడిగారు. మొదటి బాడుగ, కాదనలేకపోయాడు. అక్కణ్నుంచి ఇంకొకరు కోనేరు సెంటరుకన్నారు.

ఇల్లు చేరేసరికి నాలుగున్నర.

"మావయ్యేడీ?"

"మూడు దాకా అరుగు మీదే కూర్చున్నాడు. తర్వాత లేచి వెళ్లాడు," అంది రత్నకుమారి.

"పెడనకేనా?"

"కాదు, గుడివాడ వైపు. పెడనలోకి నడిచి వెళ్లలేనన్నాడు."

దేవదానం కారు తిప్పి గుడ్లవల్లేరు దాటేదాకా వెళ్లాడు. రోడ్డు మీద ఎక్కడా కనపడలేదు. ఐదున్నరకు తిరిగొచ్చాడు.

సాయం చేసినవాళ్ల పేరు సాయంత్రం ప్రార్థనలో చెప్పడం రత్నకుమారికి అలవాటు. వెళ్లేటప్పుడు పేరడిగి ఉంచుకుంది.

"ఊటుకూరి కోదండరామయ్యట."

"ఆ పేరుగలాయన మనింట్లో నీళ్లు తాగాడా?"

"అన్నం కూడా తిన్నాడు."

దేవదానం జేబులోంచి సి-బుక్కు తీసి, తన పేరు సరిగ్గా రాశారో లేదో చూడమని ఇచ్చాడు. ఆమె మిషన్ స్కూల్లో ఎనిమిది దాకా చదివింది.

ఆమె వేలు పెట్టి కింది నుంచి చదివింది. మూడో పేరు దేవదానానిది, స్పెల్లింగు సరిగ్గానే ఉంది. రెండోది గుడివాడ బ్రోకరుది.

మొదటి ఓనరు, 1946 నుంచి 1956 వరకు: ఊటుకూరి కోదండరామయ్య, కోదండరామయ్య రైస్ మిల్లు, పెడన.